సీసాలో పూత, పోలమ్మ చేతిలో ఇసుక

ఆ రోజు మంగళవారం. పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. ఇంత కచ్చితంగా ఎట్లా చెప్తున్నానంటే, ఫోన్ల కంటే ముందు నేను వాచీలు బాగుచేసినవాణ్ణి. అంగడి గోడకు మూడు గడియారాలు ఉండేవి. మూడూ ఒకే టైము చూపించిన రోజులు నా సర్వీసులో తక్కువ. ఆ రోజు చూపించాయి.

ఆ నిమిషానికి ఎండుచేపలమ్మే పోలమ్మ అంగట్లోకి వచ్చి తన ఫోను కౌంటరు మీద పెట్టింది. అద్దం పగల్లేదు. కానీ అద్దంలో ఏమీ కనపడటం లేదు. సముద్రం చాలాకాలం దొర్లించి ఒడ్డున పడేసిన గాజుపెంకు ఎట్లా ఉంటుందో అట్లా తెల్లగా, మసకగా ఉంది.

"ఏందమ్మా ఇది? ఏం జేసినావు?"

"తోమినా," అంది.

"దేంతో?"

"ఇసకతో. ఇంక దేంతో తోముతారన్నా? నువ్వే గదా తోముకోమన్నావు."

అవును, నేనే అన్నాను. ఆ సంగతి రాయడానికే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

ఫోను రిపేరు పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు కొందరు ఈ మధ్య నా దగ్గరికి వచ్చి, "పెద్దాయనా, మీ అనుభవం చెప్పండి" అంటున్నారు. అనుభవం అంటే వాళ్ళ ఉద్దేశంలో ఏ చిప్పుకు ఎంత వేడి పెట్టాలి అన్నది. అది వీడియోల్లో నాకంటే బాగా చెప్తారు, మధ్యలో పాట కూడా వేస్తారు. నేను చెప్పగలిగింది నేను చేసిన తప్పులు. వాటిల్లో పెద్దది ఈ మంగళవారానిది.

పన్నెండు అంకెల చదువు

నలభై రెండేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. వాచీల పనికి అక్కర్లేదు కూడా. పన్నెండు అంకెలు తెలిస్తే చాలు, అవి కూడా ఎప్పుడూ వరసలోనే ఉంటాయి.

పని నేర్చుకున్నది నెల్లూరులో, మస్తాన్ సాహెబు దగ్గర. మంచి పనివాడు, చెడ్డ యజమాని. నేను అన్నం తింటుంటే ఆయన వాచీ చూసేవాడు. వాచీని బల్లమీద బోర్లా పెడితే చెంప మీద ఒకటి ఇచ్చేవాడు. ఎందుకు కొడుతున్నాడో తెలియక ఒకరోజు అడిగాను. ఆయన కత్తి తీసి ఒక పాత వాచీ అద్దం మీద బలంగా గీశాడు. గీత పడలేదు. తర్వాత వాకిట్లోంచి చిటికెడు ఇసుక తెచ్చి దానిమీద వేసి, వేలితో రుద్దాడు. అద్దం నిండా గీతలు.

"చూసినావా? కత్తికి గాజు లొంగదు. ఇసకకు లొంగతాది. బల్లమీద ఎప్పుడూ ఇసక ఉంటాది. అందుకే కొడతా," అన్నాడు.

ఇరవై ఏళ్ళప్పుడు నేర్చుకున్న ఆ పాఠం అరవై ఏళ్ళప్పుడు అవసరం పడింది. గుర్తుకు రాలేదని చెప్పుకోవచ్చు, వయసైనవాణ్ణి గనక జనం నమ్ముతారు కూడా. నిజం అది కాదు. గుర్తుకు వచ్చింది. నేనే పక్కకు నెట్టాను.

సముద్రం ఒడ్డున, మా జువ్వలదిన్నెలో సొంత అంగడి పెట్టిన కొన్నేళ్ళకు జనం చేతులకున్న వాచీలు పోయి జేబుల్లోకి ఫోన్లు వచ్చాయి. ఫోనులో అక్షరాలు ఉంటాయి. నాకు రావు. మా వీధి అంగన్‌వాడీ టీచరు సుశీలమ్మ నాకంటే పదేళ్ళు చిన్నది. ఆమె దగ్గరికి పోయి, సిగ్గు విడిచి నేర్పమన్నాను. నన్ను తీసుకెళ్ళి నాలుగేళ్ళ పిల్లల మధ్యలో చాప మీద కూర్చోబెట్టింది.

"ఈడ కూర్చుంటే గుడ్డు కూడా ఇస్తారా టీచరమ్మా?" అన్నాను.

"ముందు అ రాయండి. గుడ్డు మాదిరే ఉంటాది," అంది.

ఎనిమిది నెలలకు తెలుగు చదవడం వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు ఫోను డబ్బాల మీద చూసి పట్టుకున్నాను. నాకు వచ్చిన ఇంగ్లీషు మొత్తంలో సగం బ్యాటరీల గురించే ఉంటుంది.

అక్షరాలు రాకపోతే ఎట్లా ఉంటుందో తెలుసు గనక, రానివాళ్ళకు ఒక పని చేసిపెట్టేవాణ్ణి. వాళ్ళ ఫోనులో ఒక్కో పేరుకు ఒక్కో బొమ్మ పెట్టేవాణ్ణి. పోలమ్మ ఫోనులో తమ్ముడికి పడవ, ఐసు అమ్మేవాడికి ఐసుగడ్డ, సరుకు ఎత్తుకుపోయే మాలకొండయ్యకు లారీ, వియ్యపురాలికి మిరపకాయ. మిరపకాయ ఆమె అడిగి పెట్టించుకున్నదే. ఆమె వ్యాపారమంతా ఆ బొమ్మల మీద నడిచేది. నంబరు నోటికి రాదు, పేరు చదవడం రాదు. బొమ్మ కనపడాలి, వేలు పెట్టాలి.

ఇట్లాంటి ఫోన్లు ఊళ్ళో ముప్పై నలభై ఉండేవి. డబ్బా మీద ఏం రాసి ఉన్నా వాళ్ళకు నేను చదివి చెప్పాలి. నేను చదవనిది అక్కడ లేనట్టే. నేను కల్పించి చెప్పింది ఉన్నట్టే. ఇది ఎంత పెద్ద బాధ్యతో అప్పట్లో నేను ఆలోచించలేదు.

పూతను నమ్మే ఊరు

కిరణ్ అనే ఏజెంటు నెల్లూరు నుంచి బండి మీద వచ్చేవాడు. ముప్పై ఏళ్ళ మనిషి. ఎండాకాలంలో కూడా టై కట్టేవాడు. ఒకరోజు కంటిచుక్కల మందంత సీసా తెచ్చి నా కౌంటరు మీద నిలబెట్టాడు. ఫోను అద్దం మీద దీన్ని పూస్తే ఇక గీతలే పడవట. తడిగుడ్డతో తుడిచాడు, పొడిగుడ్డతో తుడిచాడు, నాలుగు చుక్కలు వేసి రుద్దాడు, పది నిమిషాలు ఆగమన్నాడు. తర్వాత బండి తాళంచెవి తీసి బరబరా గీశాడు. గీత లేదు. చాకుతో గీశాడు. లేదు. అంగట్లో ఉన్నవాళ్ళు నోళ్ళు తెరిచారు.

"నైన్ హెచ్ అన్నా ఇది. వజ్రం తర్వాత ఇదే," అన్నాడు.

పూయని అద్దం మీద కూడా ఒకసారి గీసి చూపించు అని నేను అడగాలి. మస్తాన్ సాహెబు దగ్గర పనిచేసినవాడు అడగాల్సిన మొదటి మాట అదే. నా నోటిదాకా వచ్చింది. అప్పుడే కిరణ్ సంచిలోంచి ఒక బోర్డు తీశాడు. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు. 'నానో పూత నిపుణులు, వాచీల సుబ్బరాయుడు గారు.' నా పేరు. పక్కన గారు.

నలభై రెండేళ్ళకు అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. నా పేరు అంత లావు అక్షరాల్లో నేనే చదువుకోవడం అదే మొదటిసారి. రెండుసార్లు చదివాను. నోటిదాకా వచ్చిన ప్రశ్న వెనక్కి పోయింది. మోసపోయానని చెప్పుకోవడం నాకిష్టం లేదు. బోర్డు కోసం ఊరుకున్నాను.

ఊరు కూడా సులువుగా నమ్మింది, దానికీ కారణం ఉంది. మా దగ్గర పూత అంటే భక్తి. పడవకు రంగు పూయకపోతే ఉప్పునీళ్ళు తినేస్తాయి. ఫైబరు బోటుకు చిల్లి పడితే నీళ్ళలాంటి రెజిన్ పోస్తారు, కళ్ళముందే రాయిలాగా గట్టిపడుతుంది. సీసాలో ఉన్నది అద్దం మీద రాయి అవుతుందంటే మా వాళ్ళకు అందులో వింతేముంది? బోటు నడిపే యేసురత్నం అందరికంటే ముందు వచ్చాడు.

"ఎన్ని కోట్లు పూస్తావన్నా?"

"ఒకటి చాలంట."

"ఒకటి ఏం జాలుతాది? నా బోటుకే మూడు. దీనికి నాలుగు పూయి. అడుగున కూడా పూయి."

"అడుగు నీళ్ళలో ఉండదు గదబ్బా."

"నా జేబులో ఉంటే నీళ్ళలో ఉన్నట్టే," అన్నాడు. నాలుగు పూశాను, అడుగున కూడా.

పూత పడాలంటే మీద ఉన్న టెంపర్డ్ గ్లాసు తీసేయాలి అన్నాడు కిరణ్. తీసేశాను. మంచి గ్లాసులు, నేనే అతికించినవి, నా గోళ్ళతోనే పీకి చెత్తబుట్టలో వేశాను.

పోలమ్మ వంతు వచ్చింది. ఆమె ఫోను ఎప్పుడూ పొలుసులు, ఉప్పు, చేపనూనెతో ఉండేది. పూసి చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం జేసినా గీత పడదా?"

"పడదు."

"అయితే ఇంక తోముకోవచ్చునా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "గిన్నె మాదిరి తోముకోమ్మా," అన్నాను.

ఆమె నవ్వలేదు. మనిషి నిజంగా అడుగుతోంది. అది నేను చూడలేదు.

లారీ బొమ్మ ఎక్కడుంది

మళ్ళీ మంగళవారానికి వస్తాను. అప్పుడు అంగట్లో కిరణ్ ఉన్నాడు, కొత్త సీసాలు తెచ్చి మళ్ళీ తాళంచెవి ఆట చూపిస్తున్నాడు. యేసురత్నం స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సుశీలమ్మ చార్జరు పిన్ను వదులైందని తెచ్చింది.

పోలమ్మ ముందు రోజు సాయంత్రం ఫోను మీద పొలుసులు ఎండి అతుక్కుంటే, తడి ఇసుకా కొబ్బరిపీచూ పెట్టి తోమిందట. తెల్లారి చూస్తే బొమ్మలు లేవు.

"నాకు అద్దం వొద్దు, గిద్దం వొద్దు. మాలకొండయ్య గావాల. నెత్తళ్ళు ఎండినాయి. లారీ రాకుంటే వాన కిందికి పోతాయి. పొద్దున ఎనిమిది నించి నొక్కతా ఉండా. రెండు తూర్లు మిరపకాయకు బోయింది."

"అయ్యో, ఏమనింది?" అన్నాడు యేసురత్నం.

"మొదట ఆమె తిట్టింది. రెండోది నేనే ముందు తిట్టినా."

కిరణ్ ఫోను చేతిలోకి తీసుకుని వెలుగులోకి పట్టి చూసి, తలూపాడు. "అమ్మా, ఇది మిస్‌యూజ్. కంపెనీ ఒప్పుకోదు."

"ఈ అబ్బయ్య ఎవురన్నా?" అని నన్ను అడిగింది పోలమ్మ.

"పూత ఆయనదే."

"అట్టయితే ఈయన్ని ఇసకతో తోమాల," అంది.

నేను ఫోను గుమ్మం దగ్గరికి తీసుకుపోయి ఏటవాలుగా పట్టాను. అట్లా పడితే అక్షరాల నీడలు కొంచెం తెలుస్తాయి. బొమ్మలు వరసగా పెట్టింది నేనే గనక, లారీ మూడోది అని గుర్తుంది. నొక్కాను. మాలకొండయ్య పలికాడు.

"పొద్దున చెప్పలేదేందిబ్బా! ఎనిమిదికి బిట్రగుంటలో ఖాళీగా ఉండాను. ఇప్పుడు కావలిలో లోడు ఎత్తతా ఉండా. మూడు దాటతాది," అన్నాడు.

తూర్పున సముద్రం మీద మబ్బు నల్లగా దిగి ఉంది. మూడు దాకా ఆగే మబ్బు కాదని మా ఊళ్ళో ఎవరికైనా తెలుసు. సుశీలమ్మ చార్జరు నా కౌంటరు మీద పడేసి, "మాటలాపి పదండి ముందు," అంది.

అంగడి తెరిచి పెట్టే పోయాము. వేలెడంత చేపలు ఆ నెత్తళ్ళు, ఇసుక మీద వల పరిచి ఆరబోసి ఉన్నాయి, పెళ్ళి పందిరంత మేర. దోసిళ్ళతో ఎత్తి గంపల్లో వేసి, రేకుల కొట్టంలోకి మోశాము. కిరణ్ మొదట గట్టు మీద నిలబడ్డాడు. "చూస్తావేంది, బూట్లిప్పు," అంది సుశీలమ్మ, నాలుగేళ్ళ పిల్లలతో మాట్లాడే గొంతుతో. ఇప్పాడు. టై వీపు మీదికి వేసుకుని గంపలు ఎత్తాడు. బాగానే మోశాడు, ఆ మాట చెప్పాలి.

సగం ఎత్తేసరికి వాన పడింది. మిగతా సగం మా కళ్ళముందే తడిసింది. ఎండిన నెత్తళ్ళు తడిస్తే ఇక మనుషులు తినే సరుకు కాదు, కోళ్ళ దాణాకు పోవాల్సిందే. పోలమ్మ కొట్టంలో గంపల మధ్య కూర్చుని వాన చూసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

వాన వెలిసేదాకా

తడిసి అంగడికి వచ్చాము. వాన ఆగలేదు, కిరణ్ పోవడానికి లేదు. పోలమ్మ కూడా వచ్చింది, ఫోను నా దగ్గరే ఉంది గనక. నేను సొరుగులోంచి ఒక చచ్చిన ఫోను తీశాను. అద్దానికి మధ్యలో టేపు అంటించాను.

"కిరణ్ గారూ, ఎడమ సగం మీరే పూయండి. ఎన్ని కోట్లు కావాలంటే అన్ని. కుడి సగం వదిలేయండి."

"ఎందుకన్నా ఇప్పుడు..."

"నాలుగు పూయి," అన్నాడు యేసురత్నం.

పూశాడు. పది నిమిషాలు కాదు, అరగంట ఆరబెట్టాము. ముందు తాళంచెవితో గీయమన్నాను. ఎడమ సగం మీద గీత పడలేదు. కుడి సగం మీద గీయమన్నాను. అక్కడా పడలేదు. తర్వాత రెండు పక్కలా ఒక్కో నీటిచుక్క వేశాను. ఎడమవైపు చుక్క ముత్యంలాగా గుండ్రంగా నిలబడింది, కుడివైపుది పరుచుకుంది. అంటే పూత ఉంది. సీసాలో ఉన్నది ఉత్త నీళ్ళు కాదు, అది ఒప్పుకోవాలి.

టేపు తీసి అద్దం పోలమ్మ చేతికిచ్చాను. "తోము తల్లీ."

కాళ్ళకు అంటిన ఇసుకనే తీసి తోమింది. ముప్పై ఏళ్ళు గిన్నెలు తోమిన చెయ్యి. కడిగి, నా వీపు వెనక నాలుగుసార్లు తిప్పి, కిరణ్ ముందు పెట్టాను. ఎడమ సగం ఏదో గుర్తుగా వెనకవైపు ముందే ఇంకు చుక్క పెట్టి ఉంచాను, అది ఆయనకు కనపడదు.

"మీ సగం ఏది?"

వెలుగులో పట్టి చాలాసేపు చూశాడు. ఒక పక్క చూపించాడు. తిప్పితే ఇంకు చుక్క రెండో పక్కన ఉంది. మళ్ళీ నీళ్ళు వేసి చూశాము. ఈసారి రెండు పక్కలా చుక్క పరుచుకుంది. పూత ఫోనును కాపాడటం సంగతి అట్లా ఉంచి, తనను తాను కూడా కాపాడుకోలేకపోయింది.

"నైన్ హెచ్ అని రాసుంది గదన్నా," అన్నాడు కిరణ్. గొంతులో జోరు లేదు.

సుశీలమ్మ డబ్బా తీసుకుని చదివింది. "ఇది పెన్సిల్ లెక్క గదా. బొమ్మలేసే పెన్సిళ్ళ మీద హెచ్ అని ఉంటాది. అంటే పెన్సిల్‌తో గీస్తే గీత పడదని."

"పెన్సిల్‌తో ఫోను గీసేది ఎవురు?" అన్నాడు యేసురత్నం.

"ఎవురూ గియ్యరు. అందుకే పడదు," అంది సుశీలమ్మ.

కిరణ్ నవ్వలేక నవ్వి, టైము చూసుకోవడానికి జేబులోంచి తన ఫోను తీశాడు. వాననీళ్ళు, ఇసుక దూరి, దాని మీద అతికించిన పొర మూల ఒకటి లేచి ఉంది. గోటితో నొక్కి చూశాడు. మళ్ళీ లేచింది. అలవాటుగా అడిగేశాడు.

"అన్నా, ఈ మోడలుకు టెంపర్డ్ గ్లాసు ఉందా?"

అడిగాక గానీ ఏం అడిగాడో ఆయనకు తెలియలేదు. యేసురత్నం స్టూలు మీంచి పడినంత పనైంది. పోలమ్మ మాత్రం ఆ పూటకు మొదటిసారి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గ్లాసు వెతికి అతికించి ఇచ్చాను. ఆయన కూడా నాలాగే డబ్బా మీద రాసింది చదివినవాడే, కాకపోతే తన ఫోను దగ్గర నమ్మలేదు.

తర్వాత అందరి ముందూ పోలమ్మతో చెప్పాను. "గీత పడదని నేను చూసి చెప్పలేదమ్మా. ఎవురో చెప్తే చెప్పినా. ఇసకకు గాజు లొంగతాదని నాకు ముందే తెలుసు. తప్పు నాది."

"తెలిసి ఎందుకు చెప్పినావన్నా?" అంది.

బోర్డు వైపు చూశాను. ఆమెకు చదవడం రాదు గనక, దానిమీద ఏముందో నేనే చదివి వినిపించాల్సి వచ్చింది. జీవితంలో ఇంత కష్టంగా ఏదీ చదవలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు

బోర్డు దించాను. పోలమ్మ ఫోనుకు కొత్త డిస్‌ప్లే వేసి, పైన గ్లాసు అతికించాను. తర్వాత పది రోజులు ఊరంతా తిరిగి, నేను పూసిన ప్రతి ఫోనుకూ గ్లాసు తిరిగి వేశాను. యేసురత్నం మాత్రం అడుగున ఉన్న పూతను ఉంచుకుంటానన్నాడు. ఇప్పటికీ అది పనిచేస్తోందనే అంటాడు.

ద్రవపు పూతల మీద నా అభిప్రాయం అడిగితే ఇది. అద్దం నున్నగా అవుతుంది, వేలు జారుతుంది, నీళ్ళు, జిడ్డు కొన్నాళ్ళు అంటవు. అంతే. వెంట్రుకలో వెయ్యో వంతు కూడా లేని పొర ఇసుకను ఆపదు. కింద పడితే అద్దం పగలకుండా అసలే ఆపదు. అద్దం మీద గీత పడకూడదంటే పైన ఇంకో వస్తువు ఉండి, ఆ గీత అది తినాలి. ప్లాస్టిక్ కాగితమైనా సరే, గ్లాసైనా సరే. సముద్రం పక్కన ఉండేవాళ్ళు ఫోనును లుంగీతో తుడవడం మానేస్తే అన్ని పూతల కంటే ఎక్కువ లాభం. ఆ సలహా మాత్రం ఎవరూ వినరు, సీసాలో పోసి ఇవ్వడం కుదరదు గనక.

నా తర్వాత రోడ్డుకు అవతలివైపు ఇంకొకరు అంగడి పెట్టారు. అక్కడ ఆరు కోట్లు పూస్తారట. జనం పోతున్నారు. ఆ రోజు అంగట్లో అంతా కళ్ళారా చూసిన యేసురత్నం తన బావమరిదిని అక్కడికి పంపాడని తెలిసి అడిగాను. "మనం నాలుగే గదన్నా వేసింది," అన్నాడు. అందుకని, చూపిస్తే జనం మారతారని మీకు నేను మాటివ్వను. మీరు మాత్రం చూడకుండా చెప్పకండి. అమ్మేవాడు తాళంచెవి తీస్తే, పూయని అద్దం మీద కూడా గీయమనండి. మీ పేరు బోర్డు మీద కనపడిన రోజు ఆ బోర్డు ఎవరు రాయించారో కనుక్కోండి. చదవడం రానివాళ్ళు ఏదైనా అడిగి, అందరూ నవ్వితే, అడిగినవాళ్ళ ముఖం చూడండి. వాళ్ళు నవ్వకపోతే మీరూ నవ్వు ఆపి, అడిగినదానికి జవాబు చెప్పండి.

ఇదంతా కల్పించానని అనుకునేవాళ్ళు ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళను అడగవచ్చు. అంగన్‌వాడీ టీచరు సుశీలమ్మ. బోటు నడిపే యేసురత్నం. నెల్లూరు కిరణ్, ఇప్పుడు ఆ పని మానేశాడు. ఫోనులో ఉన్నాడు గనక లెక్కలోకి వస్తే, లారీ మాలకొండయ్య. నెత్తళ్ళ పోలమ్మ, తడిసింది ఆమె సరుకు. వాచీల సుబ్బరాయుడు, తోముకోమన్నది నేను.